మూడు తలల వైరు

"టీవీ ఎన్క ఎన్ని బొక్కలున్నయ్ బిడ్డా?" అని బోధన్‌లో రేడియోలు బాగుచేసే ఆయన అడిగాడు. ఒకటే అన్నాను నేను. అంతటితో నోరు మూసుకుంటే బాగుండేది. సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఇంటి దగ్గరే స్కేలు పెట్టి గీసుకొచ్చిన మా టీవీ వీపు బొమ్మ చూపించాను. నాలుగు మూలలా మరలు, మధ్యలో గాలి ఆడే సన్నటి చీలికలు, కింద ఓ పక్కగా ఏంటెన్నా వైరు దూరే గుండ్రటి రంధ్రం. ఒకే ఒక్కటి. బొమ్మలు బాగా వేస్తానని బడిలో నాకు పేరుండేది. ఆ పేరు మన్నుగాను, ఆ బొమ్మ పట్టుకునే మా బాపు వారం రోజులు ఊళ్ల మీద పడి తిరిగాడు.

మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. బాపు గల్ఫ్‌కు వెళ్లేనాటికి తమ్ముడు అవ్వ కడుపులో ఏడు నెలలవాడు. ఐదేళ్లు దాటాక బాపు రెండు నెలల సెలవు మీద ఇంటికొచ్చాడు. నాకప్పుడు పదమూడేళ్లు. ఇంటి ముందు ఆటో దిగి, తాళ్లు కట్టిన అట్టపెట్టె దించుకుని, ఇంకా చెప్పులు కూడా విప్పకుండా చేతులు చాపాడు. తమ్ముడు అవ్వ కొంగు వెనక్కి పోయి, గోడ మీది ఫోటో వైపు వేలు చూపించాడు.

"గీయన బాపు గాడు. బాపు గా గోడ మీదున్నడు."

వాడి తప్పేముంది? ఫోటోలో మనిషికి నిండా జుట్టు, కోర మీసం. వచ్చిన మనిషికి నెత్తి మీద జుట్టు పోయింది, మీసం తీసేశాడు, ఎండకు మాడి నల్లబడిపోయాడు. మేమందరం నవ్వాం. బాపు కూడా నవ్వాడు. నాలుగు రోజులయితే అలవాటవుతాడులే అనుకున్నాం.

నాలుగు రోజులు కాదు, నెలన్నర గడిచినా వాడు అలవాటు కాలేదు. బాపు చాక్లెట్ ఇస్తే తీసుకోడు, అదే చాక్లెట్ అవ్వ ఇస్తే తింటాడు. బాపు అరుగు మీద కూర్చుంటే వాడు లోపలికి పోతాడు. బాపు లోపలికొస్తే వాడు వీధిలోకి. ఆయన గురించి ఏమన్నా చెప్పాల్సొస్తే "గాయన" అనేవాడు. "అవ్వా, గాయన నీళ్లు అడుగుతుండు." "అవ్వా, గాయన నా గిన్నెల తింటుండు." కన్నకొడుకు నోట ఆ మాట విన్నప్పుడల్లా బాపు ముఖం చూడలేక నేను పని ఉన్నట్టు నటించేదాన్ని. ఒక మధ్యాహ్నం అవ్వ చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే, బాపు పక్కన కూర్చుని తునికాకు తుడిచిపెడుతూ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఒక్కసారి బాపూ అంటే సాలే. నేనింకేం అడుగుత? గా మాట యాదుంచుకొని గాడ మల్ల మూడేండ్లు ఎల్లదీస్త."

"అంటడు తియ్. పోరడు, ఏం దెలుస్తది వానికి" అంది అవ్వ. అన్నదే కానీ ఆమె గొంతులోనూ నమ్మకం లేదు.

బాపు తిరిగి వెళ్లడానికి తొమ్మిది రోజులుందనగా ఆ పెట్టె వచ్చింది. గల్ఫ్‌లో బాపుతో ఒకే గదిలో ఉండే ఒకాయనది బాల్కొండ. బాపు సామాను బరువు ఎక్కువైతే ఆ పెట్టెను ఆయన దగ్గర వదిలేసి వచ్చాడట, సెలవు మీద వస్తూ ఆయన మోసుకొచ్చి ఇచ్చి పోయాడు. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్. ఎర్రటి బొమ్మలున్న డబ్బా, లోపల నల్లటి పెట్టె, చేత పట్టుకునే రిమోట్లు రెండు, ఓ క్యాసెట్టు, ఒక వైరు. బాపు నేల మీద చాప పరిచి ఒక్కొక్కటి తీసి పెడుతున్నాడు. అంతలో వీధిలోంచి తమ్ముడు వచ్చి, ఎవరూ పిలవకుండానే ఆ చాప అంచున కూర్చున్నాడు.

బాపు చేతులు ఆగిపోయాయి. కదిలితే వీడు లేచిపోతాడేమోనని భయం. మెల్లగా, గొంతు తగ్గించి, ఆ వైరు వాడి ముందు పెట్టాడు. ఒక కొసకు మూడు తలలు. పసుపుది, తెల్లది, ఎర్రది.

"గివి యాడ వెట్టాలె?" అన్నాడు తమ్ముడు.

ఆయనతో వాడు నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. "టీవీకి పెట్టాలె కొడుకా, ఇగ సూడు, రెండు నిమిషాల్ల బొమ్మ వస్తది" అంటూ లేచాడు.

మా టీవీ గోడలో కట్టిన గూట్లో ఉండేది. పైన అవ్వ కుట్టిన పూల గుడ్డ. వెనక కేబుల్ వైరును మేకులేసి బిగించేశారు కాబట్టి దాన్ని జానెడు కన్నా ముందుకు లాగలేం. బాపు చెయ్యి దూర్చి తడిమాడు. టార్చిలైటు వేసి చూశాడు. నన్ను పిలిచాడు. నా చెయ్యి సన్నది కాబట్టి నేను లోపలి దాకా దూర్చి, తల వాల్చి చూసి వచ్చాను. కేబుల్ వైరు దూరిన రంధ్రం తప్ప ఇంకేమీ లేదు. ఆ రంధ్రానికీ ఈ తలలకూ పొంతనే లేదు. తమ్ముడు అరగంట ఓపిగ్గా కూర్చున్నాడు. తర్వాత లేచి, "బొమ్మ రాంగనే నన్ను పిలువు" అని ఆడుకోడానికి పోయాడు.

"పిలుస్త కొడుకా, రేపే పిలుస్త" అన్నాడు బాపు.

మర్నాడు బోధన్‌లో రేడియో ఆయన నా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీది పాత మోడల్ అన్నా. గీ వైరు మీ టీవీకి నప్పది. పసుపుది బొమ్మకు, తెల్లది సౌండుకు. గీ బొక్కలు లేకపాయె మీ దానికి. ఏంటెన్నాల పోయేటట్టు మార్చే వైరు గావాలె. నిజామాబాద్ పోతే దొరుకుతదేమో సూడుండ్రి" అన్నాడు. పాపం, ఆయన్నేం అనను. నేను గీసింది చూసి ఆయన చెప్పాడు.

మూడో రోజు నన్ను బడి మాన్పించి నిజామాబాద్ తీసుకుపోయాడు బాపు. చెరుకు ఆడే కాలం. ఫ్యాక్టరీ వైపు పోయే ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారు తీరి, మా బస్సు వాటి వెనక నత్తనడక నడిచింది. బాపు కిటికీలోంచి తల బయటపెట్టి ప్రతి ట్రాలీనీ తిట్టుకుంటూ వచ్చాడు. నిజామాబాద్‌లో ఎన్ని దుకాణాలు ఎక్కామో! ఒకచోట రంధ్రంలో పోనంత లావు వైరు చూపించారు, ఒకచోట చెవిలో పెట్టుకునే దానికి పెట్టేంత సన్న వైరు చూపించారు. ఒక కొసకు పసుపు తల, రెండో కొసకు ఏంటెన్నా తల ఉన్న వైరు గాంధీ చౌక్ దగ్గర ఓ దుకాణంలో దొరికింది. బాపు దాన్ని చూడగానే దేవుడు కనబడ్డట్టు దండం పెట్టాడు.

"బరాబర్ నడుస్తదా భాయ్?"

"పక్కా నడుస్తది సాబ్. ఫికర్ జెయ్యకు."

ఆ వైరును బాపు సంచిలో వేయలేదు. చేతిలోనే పట్టుకుని మార్కెట్ యార్డు దగ్గర పసుపు కొమ్ముల బండ్ల మధ్య నుంచి నన్ను దాదాపు పరుగెత్తించాడు. ఇంటికి రాగానే తమ్ముణ్ణి పిలిచాడు. వాడు వచ్చి కూర్చున్నాడు, ఈసారి చాప మధ్యలో. వైరు పెట్టాం. టీవీ నిండా గరగరమంటూ చీమలు పారాయి. బాపు అన్ని చానళ్లూ నొక్కాడు. మొదటి నుంచి మళ్లీ నొక్కాడు. చీమలే.

"బొమ్మ రాలే" అన్నాడు తమ్ముడు.

"వస్తది కొడుకా."

"నీకు పెట్టుడు రాదు" అని వాడు లేచిపోయాడు. వాడు పోయాక కూడా బాపు ఆ చీమల ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఎడారిలో నడిరోడ్డు మీద తారు పోసే మనిషి, పగిలిన చేతులవాడు, ఐదేళ్ల పిల్లాడు 'నీకు రాదు' అంటే తట్టుకోలేకపోయాడు.

నాలుగో రోజు మళ్లీ నిజామాబాద్. ఇంకో దుకాణం ఆయన తెలివైనవాడు. నా బొమ్మ చూసి, ఉత్త వైరుతో పని కాదనీ, మధ్యలో చిన్న డబ్బీ ఒకటి ఉండాలనీ, అది బొమ్మను చానల్‌గా మారుస్తుందనీ చెప్పాడు. దగ్గర లేదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్నాడు. ఎన్ని రోజులంటే, నాలుగైదు అన్నాడు. బాపు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. సరిగ్గా వెళ్లే రోజుకు ముందు రోజు అవుతుంది.

ఊరికే కూర్చోలేక ఐదో రోజు బాల్కొండ వెళ్లాడు, ఆ పెట్టె తెచ్చినాయన ఇంటికి. సాయంత్రం వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. "గాల్ల ఇంట్ల ఇసొంటిదే నడుస్తుంది బిడ్డా! గాల్ల టీవీకి ఎన్క పసుపు బొక్క ఉంది. కలర్ టీవీ అన్నంక మీ దానికి గూడ ఉండాలె, మంచిగ సూడుండ్రి అంటుండు" అంటూ చొక్కా కూడా విప్పకుండా గూటి దగ్గరికి పోయాడు. నన్ను టార్చి పట్టుకోమన్నాడు. ఆయన వేళ్లు టీవీ వీపు మీద పై నుంచి కింద దాకా పాకాయి. మరల మీదుగా, చీలికల మీదుగా, కింద నున్నటి చోటు మీదుగా. అక్కడ ఒక్క నిమిషం ఆగాయి కూడా.

నాకు విసుగొచ్చింది. హోంవర్కు మిగిలిపోయింది, ఆకలేస్తోంది, టార్చి పట్టుకున్న చెయ్యి లాగుతోంది. "లేదు బాపూ, నేను బరాబర్ సూసిన. ఎన్నిసార్లు జెప్పాలె నీకు?" అన్నాను.

బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సదువుకున్న బిడ్డ చెప్పింది కదా. నా మాట మీద ఆయనకు అంత గురి.

ఆరో రోజు, ఏడో రోజు ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తులేదు. అవ్వ సామాను సర్దడం మొదలుపెట్టింది. మామిడి తొక్కు, కారం పొడి, అప్పాలు. తమ్ముడు మాత్రం పొద్దునా సాయంత్రం గుమ్మంలో నిలబడి, "వచ్చిందా బొమ్మ?" అని అడిగి పోయేవాడు. ఎవరిని అడుగుతున్నాడో చెప్పడు. బాపు మాత్రం తననే అడిగాడని మురిసిపోయేవాడు.

ఎనిమిదో రోజు డబ్బీ కోసం నిజామాబాద్ బయల్దేరాం. సగం దారిలో చెరుకు ట్రాలీ బోల్తా పడి, రోడ్డంతా గడలు పరుచుకున్నాయి. రెండు గంటలు. జనం దిగి చెరుకు విరుచుకుని తింటూ కబుర్లాడుతున్నారు. బాపు ఒక్కడే గడలు ఎత్తి పక్కకు విసురుతున్నాడు, ఎవరో కూలికి పెట్టినట్టు. డ్రైవరు "ఏందన్నా గంత తొందర, దవాఖానకా?" అని అడిగితే బాపు ఇంకో గడ ఎత్తి విసిరాడు. ఏమని చెప్తాడు? కొడుకు బాపూ అనాలంటే వైరు కావాలని చెప్తాడా?

దుకాణానికి చేరేసరికి డబ్బీ రాలేదు. పార్సిల్ రేపొస్తుందన్నాడు ఆయన. రేపు రైలు. బాపు ఆయన కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "భాయ్, ఎట్లన్న జెయ్ భాయ్, రేపు నేనుండ" అంటుంటే దుకాణంలో ఉన్నవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. నాకు సిగ్గేసి బయటికి వచ్చి నిలబడ్డాను. ఆ సిగ్గును తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పక్క సందులో టీవీలు బాగుచేసే ఒకతను, "అసలు వైరు ఉందా? తే, నేను చేసిస్త" అన్నాడు. బాపు సంచిలోంచి మూడు తలల వైరు తీసిచ్చాడు. అతను పసుపు తలను కత్తిరించి తీసేసి, ఆ కొసకు ఏంటెన్నా తల అతికించాడు. పొగ లేచింది, కాలిన వాసన వచ్చింది. తెగిన పసుపు తలను బాపు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి పెట్టాం. తమ్ముడు వచ్చి బాపు పక్కనే కూర్చున్నాడు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. మీట నొక్కితే మళ్లీ అవే చీమలు. బాపు వైరు పీకి, మళ్లీ పెట్టి, పీకి, మళ్లీ పెట్టి, ఒక్కసారిగా "తూ దీని తల్లి!" అని అరిచి టీవీ నెత్తిన అరచేత్తో ఫెడేల్మని కొట్టాడు. మా ఇంట్లో ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. తమ్ముడు అదిరిపడి, గుక్కపెట్టి ఏడుస్తూ అవ్వ ఒళ్లోకి ఉరికాడు. "గాయనను పొమ్మను అవ్వా, పొమ్మను" అని ఒకటే ఏడుపు. బాపు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చాప మీద కూలబడ్డాడు. అవ్వ వాణ్ణి ఎత్తుకుని బయటికి పోయింది. ఇద్దరిలో ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

మర్నాడు పొద్దున బయల్దేరాడు. నిజామాబాద్‌లో బొంబాయి రైలు, అక్కణ్ణుంచి ఆ మర్నాడు విమానం. అట్టపెట్టె ఆటోలో పెట్టాక అవ్వ తమ్ముణ్ణి ముందుకు తోసి, "బాపూ పోయిరా అను. అను బిడ్డా" అని బతిమాలింది. వాడు నోట్లో వేలు పెట్టుకుని ఆటో చక్రం వైపు చూశాడు. బాపు వంగి వాడి నెత్తి నిమరబోయి, మళ్లీ ఏడుస్తాడేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పైలంగ ఉండు కొడుకా" అన్నాడు. ఆటో మలుపు తిరిగిందాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. తెగిన పసుపు తల ఉన్న కాగితం గూట్లో పెట్టి పోయాడని ఆ తర్వాత చూశాను.

మనిషి దూరం పోయిన రోజు మా ఇళ్లల్లో చీపురు పట్టరు. అవ్వ ఆ రోజంతా ఇల్లు ఊడ్వలేదు. మర్నాడు మాత్రం పిచ్చిపట్టినట్టు మొదలుపెట్టింది. ఏడుపు రాకుండా ఉండటానికి ఆమెకు తెలిసిన ఉపాయం అదొక్కటే. చాపలు దులిపింది, గిన్నెలన్నీ తోమింది, టీవీ మీది పూల గుడ్డ తీసి నానబెట్టింది. "గా టీవీ మీద గూడ తంబాకు దుమ్ము పేరుకపోయింది, తడిబట్టవెట్టి తుడువు" అని నాకు చెప్పింది. ముందు తుడిచాను. చెయ్యి వెనక్కి దూర్చి వీపూ తుడిచాను. కింద నున్నటి చోట బట్టకు ఏదో మెత్తగా చుట్టుకుంది. లాగితే ఊడి వచ్చింది. నల్లటి కాగితం ముక్క. తడిసి, వెనకాల మైదా జిగురు జిడ్డుతో.

అప్పుడు, అప్పుడు గుర్తొచ్చింది నాకు.

బాపు గల్ఫ్ వెళ్లిన ఏడాది ఆ టీవీ కొన్నాం. అంతకుముందు మా దగ్గరో పాత నలుపు తెలుపు టీవీ ఉండేది. మధ్యాహ్నాలు వాడకట్టులోని ఆడవాళ్లంతా చాటలు తెచ్చుకుని మా ఇంట్లోనే బీడీలు చుడుతూ టీవీ చూసేవాళ్లు. అది ఆగిపోతే బాగుచేసేవాడు వెనక మూత తీసి పిడికెడు తంబాకు దుమ్ము దులిపి, "గిది టీవీనా, తంబాకు డబ్బానా అవ్వా?" అన్నాడు. ఇక అది బతకలేదు. అందుకని కొత్తది రాగానే అవ్వ నాకు పని చెప్పింది: గాలి చీలికలు వదిలేసి, పనికిరాని బొక్కలన్నీ మూసెయ్. ఎనిమిదేళ్లున్నాయి నాకు. అప్పటికే కొలత రేకు పెట్టి తునికాకు కత్తిరించడం వచ్చు, ఆకు వెంట్రుకవాసి తేడా రాకుండా. బడిలో చార్టుకు వాడగా మిగిలిన నల్ల కాగితాన్ని టీవీ వీపు కింది భాగాన ఉన్న గుంట కొలతకు సరిగ్గా కత్తిరించి, మైదా ఉడికించి, అంచు కనబడకుండా అతికించాను. టీవీతో పాటు పుట్టిందన్నట్టు కుదిరింది. అవ్వ నా చెయ్యి పట్టుకుని మెచ్చుకుంది. ఐదేళ్ల దుమ్ము మీద పడ్డాక అది కాగితమని నేనే మర్చిపోయాను, అవ్వా మర్చిపోయింది.

టార్చి వేసి చూశాను. చిన్న గుంటలో పసుపు రంధ్రం, పక్కనే తెల్లది. బాపు వేళ్లు ఆగింది సరిగ్గా దాని మీదే.

నేను కేక పెడితే అవ్వ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. చూసింది. నేల మీద చతికిలబడి, "సంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టాయె గదనే! నా నోటితోనే జెప్పి మూపిస్తి గదనే!" అని నెత్తి బాదుకుంది. బాపు ఆ గంటకు బొంబాయిలోనే ఉన్నాడు. సాయంత్రానికి గానీ విమానం లేదు. ఫోను బూత్‌కు ఉరకాలని లేచాను, చెప్పులు కూడా వేసుకున్నాను. బొంబాయిలో ఏ గదిలో దిగాడో, ఏ నంబరో మా దగ్గర లేదు. గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చాను.

తర్వాత నేను చేసింది పంతంతో చేశాను. కోపం ఎవరి మీదో తెలియని కోపం. వైరుకు అతికించిన ఏంటెన్నా తలను ఆకు కత్తిరించే కత్తెరతో తెగ్గోశాను. కాగితంలోని పసుపు తలను తీసి, దాని తోక తోలు పళ్లతో లాగాను. లోపలి తీగను లోపలి తీగకు, పైన అల్లిన తీగను పైన అల్లినదానికి మెలిపెట్టి, రెండూ తగలకుండా అవ్వ వేలికి కట్టుకునే గుడ్డపీలిక చుట్టాను. పసుపుది పసుపులో, తెల్లది తెల్లదానిలో. ఎర్రదానికి చోటు లేదు, అది అలాగే వేలాడింది. టీవీ ముందు మీటలు నొక్కుతూ ఒకటో నంబరు నుంచి కిందికి దిగితే సున్నా వచ్చింది. మేము ఎప్పుడూ దిగని నంబరు. తెర ఒక్కసారి నల్లబడి, నీలంగా మారి, పాట మొదలైంది. బొమ్మ వచ్చింది.

పాట విని తమ్ముడు వీధిలోంచి ఉరికొచ్చాడు. చాప మధ్యలో కూర్చుని రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. ఆట ఎలా ఆడాలో వాడికి ఎవరూ చెప్పలేదు, రెండు నిమిషాల్లో పట్టేశాడు. వాణ్ణి చూస్తుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నేనూ పక్కన కూర్చుని రెండో రిమోటు అందుకోబోయాను. వాడు తెర మీంచి కళ్లు తీయకుండానే నా చెయ్యి తోసేశాడు. ఆ రిమోటును తన పక్కన ఖాళీ చాప మీద సరిగ్గా పెట్టి, "ముట్టకక్కా. గది బాపుది" అన్నాడు.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం బాపు ఫోను చేశాడు, వీధి చివరి బూత్‌కు. అక్కడ సెలవు దినం శుక్రవారమే. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని పరుగెత్తాను. "వైరు దొరికింది బాపూ, బొమ్మ వచ్చింది" అన్నాను. "యాడ దొరికింది బిడ్డా?" అన్నాడు. కాగితం సంగతి నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "నిజామాబాద్‌ల" అన్నాను. ఆయన అటు నుంచి, "నాకెందుకు దొరకలేదే మరి" అన్నాడు. నేను గబగబా ఫోను తమ్ముడి చెవికి పెట్టాను.

"కొడుకా, ఆడుతున్నవా? బాపును యాది జేస్తున్నవా?"

తమ్ముడు తలూపాడు.

"ఏంది కొడుకా, ఇనవడుతలే. బాపూ అంటవా ఒక్కసారి?"

తమ్ముడు మళ్లీ తలూపాడు, ఇంకా గట్టిగా, కళ్లు పెద్దవి చేసి. ఫోనులో తల ఊపితే వినబడుతుందా? "నోటితోని అనురా, అనురా!" అని నేను వాడి తొడ గిల్లాను. వాడు ఏడుపు ముఖం పెట్టాడు. అటు నుంచి "హలో, హలో" అని రెండుసార్లు వినిపించి లైను తెగిపోయింది.

మళ్లీ మూడేళ్లకు గానీ బాపుకు సెలవు దొరకలేదు. ఆలోపు మా ఊళ్లో ఇంగ్లీషు మీడియం బడి పెట్టారు. బాపు పంపిన పైసలతో అవ్వ తమ్ముణ్ణి అందులోనే వేసింది. ఆటో ఇంకా ఆగకముందే వాడు బడి టై వేలాడుతుండగా పరుగెత్తిపోయి బాపు నడుము చుట్టూ చేతులేసి, "డాడీ!" అని అరిచాడు. బడిలో అలాగే అనాలని నేర్పారు. బాపు వాణ్ణి ఎత్తుకుని నవ్వాడు. నవ్వుతూనే వాడి భుజం మీంచి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

వాడిప్పటికీ ఆయన్ని డాడీ అనే పిలుస్తాడు. ప్రేమగానే పిలుస్తాడు, వంక పెట్టడానికేమీ లేదు. బాపు అడిగిన ఆ ఒక్క మాట ఆయన కోసం వాడి నోట వచ్చింది ఒకే ఒక్కసారి. అది విన్నది నేనూ, అవ్వా. ఆయన అప్పటికి బొంబాయిలో ఉన్నాడు.